వంకాయపువ్వు రంగు

వాళ్ళు ముగ్గురూ వంపు తిరిగి కనుమరుగయ్యారు. మొదట భిక్షపతి వీపు, ఆ వెనుక సత్తయ్య నెత్తికి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు, ఆఖరున బాలప్ప మడమల నుంచి లేచిన దుమ్ము. తరువాత దుమ్ము కూడా లేదు, రోడ్డొక్కటే మిగిలింది. ఆ రోడ్డును చూస్తూ, చూడనట్టు నటిస్తూ, సాముయేలు మెల్లగా పరుగెత్తుతున్నాడు. చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా ఈ దారి మీద ఇన్నేళ్ళలో అతనికి ఎవరి వీపూ కనబడలేదు. తన వీపునే మిగతావాళ్ళు చూసేవారు. దాని మీద చెమట ఏ ఆకారంలో మరక కడుతుందో భిక్షపతి దారి పొడుగునా వర్ణించి నవ్వించేవాడు. ఇప్పుడు ఆ వీపు వెనుక ఎవరూ లేరు. వెనుక ఎవరూ లేకపోవడం ఒక చలి అని ఈ పొద్దుటే తెలిసింది, ఎండ ఎక్కుతున్నా వదలని చలి. చివరివాడు. మొయినాబాద్ దవాఖాన వెనకాల బావి దగ్గర చివరివాడు అందరి చొక్కాలూ పిండాలి. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో గుర్తులేదు, తప్పినవాడు మాత్రం లేడు. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో వచ్చిన నాడు కూడా బాలప్ప నోరెత్తకుండా పిండి ఆరేశాడు. పొలం పనికి ముందు పరుగెత్తే మనుషులు వాళ్ళు, ఎవరూ జీతమివ్వరు, ఎవరూ చప్పట్లు కొట్టరు; అయినా ఆ నాలుగు చొక్కాల భయం ప్రతి తెల్లవారినీ పందెంగా మార్చింది. ఊపిరి లోనికి, ఊపిరి బయటికి. మెల్లగా. ఇంకా మెల్లగా.

మెల్లగా అన్నది రాజేశ్వర్ మాట. చేవెళ్ళ బజారులో బియ్యం, పప్పుల దుకాణం వారి అబ్బాయి, పట్నంలో వైద్యకళాశాలలో చదువు చెప్పేవాడు. తెలంగాణ రాష్ట్రం కోసం విద్యార్థులు సమ్మెకు దిగి చదువులు ఆగిపోయిన ఈ సంవత్సరం, కళాశాలకు తాళం పడగానే, పరుపుచుట్ట ఒక చేత, గాజుగొట్టాలు పేర్చిన చెక్కపెట్టె ఒక చేత పట్టుకుని ఇంటికి వచ్చాడు. త్రాసు ముందు కూర్చోవలసినవాడు మంది చెవులు పట్టుకు తిరుగుతున్నాడని వాళ్ళ నాయన ముకుందం గల్లా మీద నుంచే ఊరికంతా వినిపించాడు. రాజేశ్వర్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వంటే సాముయేలుకు గౌరవం. ఎవరేమన్నా ఆ మనిషి గొంతు పెరగదు. రోజంతా ఒక గాజుగొట్టాన్ని వెలుతురుకు పట్టి చూడగల ఓపిక, రంగు మారేదాకా కదలని వేళ్ళు. దాలి మీద పాలు పొంగకుండా కాచే ఆడవాళ్ళలో తప్ప అంత ఓపిక సాముయేలు ఎక్కడా చూడలేదు. చెవి తమ్మె నుంచి ఒక బొట్టు తీసి, దాన్ని ఆమ్లంలో విరిచి, పైన తేరిన తేటను వంచి, గంధకామ్లం కలిపి కాగే నీళ్ళలో నిలిపి, చల్లార్చి, తెల్లని పొడి కరిగించిన నీళ్ళు రెండు చుక్కలు వేస్తాడు. అప్పుడు గొట్టంలో ఊదా రంగు పుడుతుంది. ఊపిరికి మించి పరుగెత్తితే కండలో లాక్టేట్ అనేది ఊరి రక్తంలోకి వస్తుందట; అది ఎక్కువైతే రంగు ముదురు, తక్కువైతే లేత. మొదటిసారి తన గొట్టాన్ని చూసి సాముయేలు, నిగనిగలాడే వంకాయలాగా ఉన్నదన్నాడు. పువ్వు దాకా రావాలె, అన్నాడు రాజేశ్వర్. వంకాయపువ్వు రంగు. అప్పటి నుంచి వాళ్ళిద్దరికీ అదే కొలత.

కాయ నుంచి పువ్వుకు నడవడం. లోకమంతా పువ్వు నుంచి కాయకు పోతుంటే తాను వెనక్కి పోతున్నాడు, దారి పక్క తోటల్లో నిజంగానే వంకాయలు నిగనిగలాడుతున్నాయి, తొలివాన పడి రెండు రోజులైంది, ఎర్రమట్టి వాసన ముక్కుకు కాదు, ఛాతీకి తగులుతోంది. పోయినేడు ఈ వాసన లేదు. శంకర్‌పల్లి స్టేషన్ నుంచి వికారాబాద్ దాకా సాగే పందెం ఎండిన చలికాలంలో జరిగింది, రైలుపట్టాల పక్కన మట్టిబాట, అందరికంటే ముందు తానే, వికారాబాద్ గుట్ట ఎక్కుడు మొదలయ్యే చోట కూడా తానే, వెనుక భిక్షపతి ఊపిరి రంపం కోసినట్టు వినబడుతుంటే ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని కాళ్ళను తోలాడు. కాళ్ళు ముందు బరువయ్యాయి, ఆ తర్వాత ఎవరివో అయ్యాయి. ఆకాశం పక్కకు ఒరిగింది. కళ్ళు తెరిచేసరికి బండిలో గడ్డి మీద ఉన్నాడు, అమ్మ పెంటమ్మ చెంగు తడిపి నుదుటి మీద వేస్తోంది, బాపు మోషే బండి పక్కనే నడుస్తూ కీర్తన పాడుతున్నాడు, పాటలో ఒక్క మాటా సరిగ్గా పలకడం లేదు. ఎన్నో వారాలు మెట్లెక్కితే కళ్ళు తిరిగాయి. అమ్మ ఇక ఆ పందెం పేరు ఇంట్లో ఎత్తవద్దన్నది.

రక్తం తీస్తే బలం పోతుందని అందరికంటే ముందు అడ్డుపడ్డదీ అమ్మే. ఆ లాక్టేట్ పాలు తోడుకున్నప్పుడు పుట్టే పులుపు జాతిదేనని రాజేశ్వర్ ఒకనాడు విడమరచి చెప్పాడు. ఇంకేముంది, ఆ పూట నుంచి ఇంట్లో మజ్జిగ బందు. పెరుగుకుండ పొరుగింటి శాంతమ్మకు పోయింది, చింతపండు అటక ఎక్కింది, సాముయేలు ఉప్పు నీళ్ళలో జొన్నరొట్టె ముంచుకుని తిన్నాడు, బాపు కూడా నోరు మూసుకుని అదే తిన్నాడు. సంగతి తెలిసి రాజేశ్వర్ పరుగున వచ్చాడు, ఆ మనిషి పరుగెత్తడం ఊరు అదే మొదలు చూడటం. తిన్న పులుపు వేరు, కండలో ఊరేది వేరు అని ఇంటి గడపలో కూర్చుని చెప్పాడు. అమ్మ అంతా విని, రొట్టెకు పెరుగు తెచ్చి పెట్టి, నెమ్మదిగా తన తీర్పు చెప్పింది. "ఇగో డాక్టరయ్య, ఆ సీసల రంగు లేతగొస్తెనే వీడు పందానికి పోతడు. ముదురొచ్చిందా, నా మీద ఒట్టు, వాని కాలు గడప దాటది." అట్లా ఆ గొట్టం ఊదా రంగు అతని పందెమైంది. ఇవాళ ఆఖరు పరీక్ష, పరుగు ముగిసిన వెంటనే మొయినాబాద్ దవాఖానలో. పొడి అయిపోవచ్చింది, రెండుసార్లకు మించి రాదు. బస్సులు లేవు, పట్నం నుంచి తెచ్చేవాడు లేడు. లేత రంగు రావాలంటే మెల్లగా పరుగెత్తాలి, మెల్లగా పరుగెత్తితే చివరివాడు కావాలి, చివరివాడైతే చొక్కాలు. నవ్వొచ్చింది. నవ్వినా ఊపిరి చెదరలేదు, అది మంచి గుర్తు.

భిక్షపతి అయితే ఈ గుర్తు చాలదా అంటాడు. అంటాడు కాదు, అన్నాడు, పోయిన ఆదివారం చర్చి అరుగు మీద, ప్రార్థన అయి అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా. వయసులో సాముయేలు కంటే పెద్దవాడు, తెలివిలోనూ పెద్దవాడే. పొద్దంతా మోట తోలి సాయంత్రం మళ్ళీ పరుగెత్తగల మనిషి, వాలులో అతని అడుగు నేలను తాకినట్టే ఉండదు, నీడ జారినట్టు జారుతుంది. చిన్నప్పుడు సాముయేలు పరుగు నేర్చుకున్నది ఆ పాదాలను చూసే. అతని ప్రశ్న సూటిగా ఉంటుంది. "నా ఊపిరి నాకు చెప్పదా? రొప్పు వస్తె తగ్గుత, రాకుంటె పెంచుత. దానికి సూదెందుకు, పెట్టెందుకు? ఒక్కపారి కాదట, వారం వారం కుడతడట." సాముయేలు కోసం అక్కడికి వచ్చిన రాజేశ్వర్ ఒప్పుకున్నాడు, ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదని, వారం వారం చూస్తేనే మనిషి ఎటు నడుస్తున్నాడో తెలుస్తుందని. అప్పుడే భిక్షపతి ఆ మాట అన్నాడు. పట్నంలో పోరగాళ్ళ నెత్తురు రోడ్ల మీద పోతుంటే డాక్టరుకు మా చెవుల చుక్కలు కావాలెనా అని. చెప్పులు వెతికే చేతులు ఆగిపోయాయి. పట్నంలో పోలీసు కాల్పుల నాడు రాజేశ్వర్ దవాఖానలోనే ఉన్నాడని, రెండు చేతులూ మోచేతుల దాకా తడిసేలా పనిచేశాడని, ఇంటికి వచ్చిన తర్వాత కొన్ని రోజులు అన్నం ముద్ద చేత్తో పట్టలేకపోయాడని సాముయేలుకు తెలుసు, ఆ అరుగు మీద ఇంకెవరికీ తెలియదు. రాజేశ్వర్ తల వంచుకునే చెప్పాడు. "ఆడ ఆపుదామంటె ఆగలే, భిక్షపతి. ఈడ ఒక్క చుక్కతోని ఒకడు పడిపోకుంట ఆపొచ్చునేమోనని చూస్తున్న." భిక్షపతి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కోపంతో కాదు. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూశాడు.

వెనుక నుంచి మోటారు చప్పుడు. బస్సులు ఆగిపోయిన రోడ్డు మీద మోటారు అంటే ఒక్కటే. పోలీసు లారీ. ఒళ్ళంతా ఒక్కసారి బిగిసింది, కాళ్ళు అడగకుండానే ముందుకు దూకబోయాయి. ఈ నెలల్లో పరుగెత్తే మనిషి కనబడితే చాలు, ఎక్కడో రాళ్ళు వేసి వస్తున్నాడనే లెక్క, తమతో పరుగెత్తే యోసేపును పట్టుకున్నదీ రాళ్ళు వేశాడనే, నిజానికి యోసేపు రాళ్ళు వేయలేదు, నినాదం రాస్తూ సున్నపు డబ్బాతో దొరికాడు, అయిదో చొక్కా యోసేపుది, జైల్లో ఎవరు పిండుతున్నారో. దూకితే తరుముతారు. దూకితే రంగు ముదురుతుంది. రెండు భయాలూ ఒకటే చెబుతున్నాయి, మెల్లగా, మెల్లగా. లారీ పక్కకు వచ్చి అతని అడుగుకు సమంగా నెమ్మదించింది. ముందు కూర్చున్న మీసాల జవాను ఎటు ఉరుకుతున్నావని అడిగాడు. మొయినాబాద్ దవాఖానకు, రక్తపరీక్ష కోసం, అని సాముయేలు అడుగు ఆపకుండానే జవాబిచ్చాడు. "రోగమున్నోడు గిట్ల ఉరుకుతడారా?" అన్నాడు జవాను. "రోగం లేదని సూపెట్టనీకె పోతున్న సార్. ఉరుక్కుంట పోతెనే ఆ డాక్టరు సూస్తడు." లారీలో నవ్వులు లేచాయి. జవాను నవ్వలేదు, అతని ఛాతీ వైపు చూశాడు, అది ఎగిసిపడటం లేదు. పారిపోయి వచ్చేవాడికి మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, వీడికి పాఠం చదివినట్టు వస్తోంది, పోనీయండి అన్నాడు. లారీ పోయింది. దుమ్ములో దగ్గు వచ్చింది. కాళ్ళు తమ లయను విడువలేదు, వాటి మీద ఎంత ప్రేమ పుట్టిందంటే వంగి తాకాలనిపించింది.

కనకమామిడి ఊరు దాటాడు. ఎడమవైపు చేల మీదుగా గాలి చల్లగా వస్తోంది, ఆ పైన ఎక్కడో గండిపేట నీళ్ళు ఉన్నాయని చర్మానికి తెలుస్తుంది. ఊపిరి చెప్పదా అని భిక్షపతి అడిగినప్పుడు జవాబు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది, ఈ ఒంటరి రోడ్డు మీద. చెబుతుంది. ఒక్కడివే ఉన్నప్పుడు చెబుతుంది. పక్కన ఇంకొక మనిషి అడుగు వినబడగానే ఊపిరి మాట ఎవడు వింటాడు, పోయినేడు ఎక్కుడు దగ్గర తన ఊపిరి అరిచి చెప్పలేదా, అన్నా ఆగు, తమ్మీ ఆగు, సామేలూ ఆగు అని. విన్నాడు. విని కూడా భిక్షపతి రొప్పునే లెక్కలోకి తీసుకున్నాడు. గొట్టంలో రంగుకు సిగ్గు లేదు, పోటీ లేదు, పక్కవాడు ఎవడో దానికి తెలియదు. దర్జీ టేపులాగా అది ఒంటికి చుట్టుకుని ఉన్నదే చెబుతుంది. అంతే దాని గొప్ప. అంతేనా. మనిషి తన మాట తాను వినడానికి చెవికి సూది గుచ్చుకోవాలా అని భిక్షపతి నవ్వుతాడు. గుచ్చుకోవాలన్నా, నీకూ నాకూ కావాలె, మనం అట్లాంటివాళ్ళం.

ఇక ఆఖరు వంపు. వంపు తిరిగితే దవాఖాన గేటు, గేటు దగ్గర కరుణమ్మ నిలబడి ఉంటుంది, మిషను దవాఖానలో నర్సు, తమ్మె మీద స్పిరిటు రాసి గుచ్చేది ఆమే. గుచ్చిన సంగతి కూడా తెలియని చెయ్యి. చిన్నప్పుడు కుట్టి పూడిపోయిన పోగు రంధ్రం పక్కనే గుచ్చుతుంది, పాత తోవ ఉండనే ఉన్నది గదా అంటుంది. ముగ్గురూ చేరి ఎంతసేపైందో. ఆమె చూస్తుండగా చివరివాడుగా రావడం. అడుగు పొడుగైంది, అతను పొడుగు చేయలేదు, అదే అయింది, గాలి చెవుల్లో ఊళపెట్టింది, ఎంత సుఖం, ఈ శరీరం ఎంత ఎగరగలదో ఆమెకు ఒక్కసారి, ఒక్క వంపు మేర. తడిచెంగు. బండిలో గడ్డి. బాపు గొంతులో తప్పిపోయిన కీర్తన. అడుగు పొట్టిదైంది. ఇది మాత్రం అతనే చేశాడు, గుర్రపు కళ్ళెం లాగినట్టు రెండు చేతులా, పళ్ళు బిగించి. మెల్లగా, పెండ్లి ఊరేగింపుకు దారి ఇస్తున్నవాడిలాగా, సాముయేలు అందరికంటే చివర గేటు దాటాడు.

అరుగు మీద సత్తయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. బాలప్ప మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. భిక్షపతి ఒక్కడే గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు, గెలిచినవాడి నిలకడ అది, కానీ పెదవులు సున్నం పూసినట్టు ఉన్నాయి, కుడి పిక్క దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. లారీ చప్పుడు విని వాళ్ళు ఊరి పొలిమేర దాకా ప్రాణాలు పెట్టి ఉరికారట. చొక్కాలు అప్పుడే విప్పి కుప్ప పోశారు. "రారా సాకలోడా," అన్నాడు బాలప్ప తల ఎత్తకుండానే. సాముయేలు నవ్వి చెవి ఇచ్చాడు. కరుణమ్మ తుడిచింది, గుచ్చింది, బొట్టు ఉబికింది. రాజేశ్వర్ దాన్ని అందుకుని లోపలికి పోబోతుంటే భిక్షపతి గోడ మీది చెయ్యి తీశాడు. పొడి ఇంకొకసారికి ఉన్నదన్నారు గదా, అది దేనికని అడిగాడు. సాముయేలుదే మళ్ళీ ఒకసారి సరిచూసుకోవడానికి, అన్నాడు రాజేశ్వర్. భిక్షపతి నేల చూశాడు. తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు, పోగు ఉన్న చెవిని కరుణమ్మ వైపు తిప్పి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కరుణమ్మ రాజేశ్వర్‌ను చూసింది. రాజేశ్వర్ సాముయేలును చూశాడు. సాముయేలు తల ఊపాడు. ఊపుతున్నప్పుడే తెలిసింది, ఒక్క గొట్టంతో, ఒక్క రంగుతో తన సంవత్సరం తేలిపోవాలి, సరిచూసుకోవడం ఇక లేదు.

నీళ్ళు కాగాయి. కిటికీలో రెండు గొట్టాలు పక్కపక్కన నిలబెట్టి రాజేశ్వర్ చుక్కలు వేశాడు. సత్తయ్య కూడా లేచి వచ్చాడు. ఎడమన భిక్షపతి గొట్టంలో ఊదా కమ్మి, ఇంకా కమ్మి, నిలవకుండా దిగి, కోతకొచ్చిన కాయలాగా నల్లబడింది. కుడి గొట్టంలో మొదట ఏమీ లేదు. సాముయేలు ఊపిరి బిగబట్టాడు, దారంతా తప్పనిది ఇక్కడ తప్పింది. తర్వాత ఒక పొర, వానకు తడిసిన పువ్వు రేకను గాజుకు అతికించినట్టు, ఉందో లేదో అన్నంత లేత. వంపు దగ్గర తాను జారిన ఆ నాలుగడుగులు అందులో ఎక్కడో ఉండి ఉంటాయి, రేక అంచున కొంచెం ముదురు. అయినా పువ్వే. రాజేశ్వర్ గొంతు తడబడటం సాముయేలు మొదటిసారి విన్నాడు. "మీ అమ్మకు నేనే చెప్త. మందు కాదు, మాయ కాదు, నీ పిల్లగాడు ఆగనేర్చిండని చెప్త." అమ్మ ఏం చేస్తుందో అప్పుడే కళ్ళకు కట్టింది, గిన్నె నిండా పెరుగు వేస్తుంది.

కట్టుబాటు కట్టుబాటే. సాముయేలు తన చొక్కా కూడా విప్పి వేసి, కుప్పను ఎత్తుకుని బావి దగ్గరకు నడిచాడు. తోడిన నీళ్ళు చల్లగా ఉన్నాయి, నాలుగు ఊళ్ళ దుమ్ము నీళ్ళలో ఎర్రగా విడివడి పోతోంది, బండ మీద బాది, పిండి, మళ్ళీ ముంచి. తన వెనుక అడుగు వినబడింది. భిక్షపతి, ముదురు గొట్టాన్ని చేతిలోనే పట్టుకుని, దాన్ని ఎండకు ఎత్తి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు చూశాడో. ఏదో అంటాడనుకున్నాడు సాముయేలు, వెక్కిరింత ఏదైనా, వంకాయ గురించి, సూది గురించి. భిక్షపతి గొట్టాన్ని బావి గట్టు మీద పడిపోకుండా రెండు రాళ్ళ మధ్య నిలబెట్టాడు. నొప్పి పిక్కను పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. కుప్పలో నుంచి సాముయేలు చొక్కాను లాగి, నీళ్ళలో ముంచి, కాలర్ దగ్గర చెమట మరకను బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళు వెనుక నుంచి చూసిన మరక.

"ఆ పొడి యాడ దొరుకుతదట?" అన్నాడు చొక్కా మీది నుంచి కళ్ళు ఎత్తకుండా.

"పట్నంల. బస్సులు నడిస్తెనే వస్తది."

భిక్షపతి చొక్కాను మెలితిప్పి పిండాడు. ఆఖరి చుక్క దాకా పిండాడు. పిండి, దులిపి, బావి గట్టు మీద పరిచాడు.

"బస్సెందుకురా," అన్నాడు. "నేను ఉరుక్కుంట పోయి తెస్త."

సాముయేలు తల ఎత్తి అతని వైపు చూశాడు.

"మెల్లగనే," అన్నాడు భిక్షపతి.